కుళ్ళాయప్ప కింది పెదవి

పోయిన వారం మనం కథను విడిచిపెట్టిన చోట, కదిరిలోని డాక్టర్ శ్రీకాంత్ ఇంట్లో టెలిఫోను మోగుతూ ఉంది. ఆ గురువారం సాయంత్రం ఫోను చేసినవాడు ముదిగుబ్బ వాస్తవ్యుడు కుళ్ళాయప్ప. పెళ్ళి మేళంలో క్లారినెట్ వాయించే మనిషి. దానికి ముందటి రోజు ఉదయమే శ్రీకాంత్ అతని కింది దవడలో, పళ్ళు ఊడిపోయిన ముందు భాగానికి అటూ ఇటూ, ఎముకలో మరల్లా దిగి పైన కట్టే పళ్ళను మోసే రెండు టైటానియం ఇంప్లాంట్లను అమర్చాడు. కదిరిలో ఆ పని చేసిన మొదటి దంతవైద్యుడు తానేనన్న తృప్తి అతనిలో ఇంకా పచ్చిగానే ఉంది. ఆదివారం నాడు కొత్త ఆపరేషన్ గదికి ప్రారంభోత్సవం. శ్రీకాంత్ తండ్రి బయ్యన్న, మండలాధ్యక్షుడిగా పనిచేసి దిగినవాడు, పెద్దమనుషులందరికీ కబురు చేశాడు. ఆ రోజు వేదిక మీద కూర్చోబెట్టి నలుగురికీ చూపవలసిన తొలి రోగి కుళ్ళాయప్ప.

అతడు ఫోనులో చెప్పింది కొంచెమే. కింది పెదవి తిమ్మిరిగా ఉందనీ, నొప్పికి అక్కలకర్ర ముక్క దవడన పెట్టుకున్నందువల్ల అలా అయి ఉంటుందనీ, సారు దిగులు పడనక్కరలేదనీ అన్నాడు. పంటి నొప్పికి ఆ వేరును నమలడం ఆ ప్రాంతంలో పాత అలవాటు. నమిలిన కాసేపటికే నాలుకా పెదవులూ జివ్వుమని తిమ్మిరెక్కుతాయని తెలియని ఇల్లు లేదు. శ్రీకాంత్ ఆ కారణాన్ని సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది అతని భార్య ప్రసూన. ముఖ శస్త్రచికిత్సలో ఉన్నత పట్టా పొందిన ఆమె, ఆపరేషన్ జరిగిన రోజు పని మీద అనంతపురంలో ఉండిపోయింది. ఆమె భర్త చేతిలోని రిసీవరును అందుకొని ఒకే ప్రశ్న అడిగింది.

"ఏ పక్క, కుళ్ళాయప్పా?"

అవతల నుంచి జవాబు రావడానికి పట్టిన ఆలస్యం ఆమెకు నచ్చలేదు.

"ఎడమ పక్కన రోంత ఎక్కువుండాదమ్మా" అన్నాడతడు చివరికి. పొద్దున్నే మొదటి బస్సుకు రమ్మని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది.

శుక్రవారం ఉదయం కుళ్ళాయప్ప వచ్చేసరికి క్లినిక్కు ముందు షామియానా గుంజలు దింపుతున్నారు. అతని వెంట భార్య తిప్పమ్మ ఉంది. అతని చంకలో నల్లని రెక్సిను పెట్టె ఉంది. శ్రీకాంత్ చూపు ముందుగా ఆ పెట్టె మీద పడింది.

"ఏమప్పా, క్లారినెట్ ఎందుకు తెచ్చినావు? పళ్ళు కట్టేదాకా దాన్ని ముట్టుకోవద్దని చెప్పినాను కదా."

"వాయించేకి కాదు సార్. ఇంట్లో పెట్టి వస్తే మా సుబ్బన్న వచ్చి ఎత్తుకపోతాడు. మేళం ఆయప్పది, వాయిద్యం నాది. ఆ తేడా ఆయప్పకు ఇంకా తెలీలేదు."

"ఎత్తుకపోయి ఏం చేస్తాడు?"

"ఇంకొకని నోట్లో పెడతాడు" అంది తిప్పమ్మ. "ఈయప్పకు అదే భయం. పడుకున్నా పక్కన ఆ పెట్టె ఉండాల్సిందే. నేను గోడ పక్కకు జరగాల."

కుళ్ళాయప్ప నవ్వబోయాడు. నవ్వు కుడివైపు సాఫీగా సాగింది. ఎడమవైపు పెదవీ సాగింది కానీ ఆ మూల నుంచి సన్నగా జొల్లు కారి గడ్డం మీద నిలిచింది. అతడు దాన్ని తుడుచుకోలేదు. తిప్పమ్మ తన కొంగుతో, మాట్లాడుతున్న మాట ఆపకుండానే, అలవాటైన పనిలా తుడిచింది. ఒక్క రోజులో భార్యకు ఆ అలవాటు ఏర్పడవలసిన అవసరం ఏమిటో ప్రసూన తనలో తాను ఆలోచించుకుంది.

ఆమె అతణ్ణి కుర్చీలో వెనక్కి వాల్చి నోరు పరీక్షించింది. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. చిగురు వాపు తక్కువ. రక్తం లేదు, చీము లేదు. చూసిన మేరకు భర్త చేతిపనిలో ఆమెకు తప్పు కనిపించలేదు.

"అక్కలకర్ర ఎప్పుడు పెట్టుకున్నావు?"

"ఇప్పుడే బస్సులోనమ్మా."

"ఉమ్మేసి నోరు పుక్కిలించు. దాని ప్రభావం పోయేదాకా కూర్చుందాం."

అలా వాళ్ళు నిరీక్షిస్తున్న వ్యవధిలో, ప్రసూన మనసులో మెదులుతున్న విషయాన్ని పాఠకులకు విన్నవించడం అవసరం. కింది దవడ ఎముక పైకి గట్టి దిమ్మలా కనిపించినా దాని లోపల ఒక సన్నని సొరంగం ఉంది. దవడ వెనుక భాగంలో ఎముకలోకి ప్రవేశించిన నరం ఆ సొరంగంలో, పళ్ళ వేళ్ళకు దిగువగా, ముందుకు నడుస్తుంది. కోరపంటికి వెనుకనున్న చిన్న పళ్ళ దగ్గర ఎముక బయటి గోడకు ఒక రంధ్రం ఉంటుంది. నరంలోని పెద్ద పాయ ఆ రంధ్రం గుండా వెలుపలికి వచ్చి, ఆ వైపు కింది పెదవికీ గడ్డానికీ స్పర్శను ఇస్తుంది. పెదవిని కదిలించే నరం వేరు. అందుచేత ఈ నరం దెబ్బతిన్నవాడు మాట్లాడగలడు, నవ్వగలడు, ఊదనూ గలడు. తన పెదవి మీద ఏముందో మాత్రం అతనికి తెలియదు. మెతుకు అంటుకున్నా, జొల్లు కారినా ఎదుటివారు చెప్పవలసిందే. క్లారినెట్ వాయించేవాడు కింది పెదవిని లోపలికి మడిచి, దాని మీద రీడు అనే పలచని రెల్లు రేకును ఆనించి, ఆ ఒత్తిడిని వెంట్రుకవాసి హెచ్చించి తగ్గించి స్వరాన్ని నిలబెడతాడు. అతనికి ఆ పెదవి చేతివేలి కొన వంటిది.

అనుభవజ్ఞులను సైతం మోసగించే సంగతి మరొకటి ఉంది. కొందరిలో ఆ నరం రంధ్రం దగ్గరకు రాగానే బయటపడదు. ఎముకలోనే రంధ్రాన్ని దాటి కొంత ముందుకు పోయి, వెనక్కి మళ్ళి, అప్పుడు వెలుపలికి వస్తుంది. ఎక్స్‌రే ఫిల్ము మీద రంధ్రం కనిపిస్తుంది. ఆ మలుపు చాలాసార్లు కనిపించదు. కాబట్టి రంధ్రానికి ముందు తగినంత ఎడం విడిచి డ్రిల్లు పెట్టాలని గ్రంథాలు విధిస్తాయి. శ్రీకాంత్ ఆ నియమం ఎరగనివాడు కాడు. ఎంత ఎడం విడిచాడో భార్యకు ఫిల్ము మీద చూపించాడు కూడా. ఆ ఫిల్ము ప్రకారం అంతా సక్రమంగానే ఉంది. అయితే అది ఆపరేషన్‌కు ముందు తీసిన ఫిల్ము.

తిమ్మిరి దిగడానికి చాలినంత సేపు గడిచాక ప్రసూన కొంచెం దూదిని సన్నని వత్తిగా పేనింది.

"కళ్ళు మూసుకో. దూది తగిలినప్పుడల్లా చెప్పు. తగలకపోతే ఊరుకో."

ఆమె కుడి పెదవి మీద దూదిని ఆనించింది. "తగిలిందమ్మా" అన్నాడు. గడ్డం మీద, కుడివైపు. "తగిలింది." ఎడమ పెదవి. "తగిలింది." ఎడమ మూల. "తగిలిందమ్మా." గడ్డం ఎడమ భాగం కిందుగా. "ఆఁ."

శ్రీకాంత్ కిటికీ దగ్గర నుంచి ఇవతలికి వచ్చాడు. రాత్రంతా నిద్రలేని అతని ముఖం ఒక్కసారిగా తేటపడింది. "చూసినావా? నేను చెప్తూనే ఉన్నాను. ఊరికే మనిషిని ఇంత దూరం తిప్పినాము."

ప్రసూన దూదిని పళ్ళెంలో ఉంచి, లైటును సరిచేయడానికి చెయ్యి పైకెత్తింది.

"తగిలిందమ్మా" అన్నాడు కుళ్ళాయప్ప.

ప్రసూన తన చేతి వంక చూసుకుంది. మణికట్టుకు అర డజను మట్టిగాజులు ఉన్నాయి. ఆమె ఆ చేతిని, రోగి ముఖానికి దూరంగా, గాలిలోనే మరొకసారి కదిపింది. గాజులు ఒకదాన్నొకటి తాకాయి.

"తగిలింది."

శ్రీకాంత్ మళ్ళీ కిటికీ దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఇరవై ఏళ్ళుగా డోలు దెబ్బల మధ్య కూర్చొని తన వంతు ఎప్పుడొస్తుందో చెవితో పట్టుకోవడం అలవాటైన మనిషి అతడు. గాజు కదిలిన తీరును బట్టి దూది ఎంత సేపట్లో ఆనుతుందో లెక్కగట్టడం అతనికి పెద్ద పని కాదు. ఆ నేర్పును అతడు ప్రయోగించిన విషయమే విచారకరమైనది.

ప్రసూన గాజులు తీయబోతూ వాటి మీద చెయ్యి వేసింది. కుళ్ళాయప్ప కళ్ళు తెరవక ముందే తిప్పమ్మ లేచి నిలబడింది.

"తీయొద్దు తల్లీ. శుక్రవారం పూట ముత్తైదువ చేతులు బోసిగా ఉండకూడదు. మా ఆయప్ప అబద్ధానికి నీ గాజులు తీయాల్నా?"

"తీయనులే" అంది ప్రసూన. గాజుగుడ్డ చుట్ట ఒకటి తీసి, మణికట్టు నుంచి మోచేతి దాకా గాజులను బిగుతుగా చుట్టేసింది. చెయ్యి విదిలించి చూసింది. చప్పుడు లేదు.

ఈసారి పరీక్ష మరోలా నడిచింది. కుడివైపు దూది ఆనినప్పుడల్లా కుళ్ళాయప్ప సరిగ్గా చెప్పాడు. ఎడమవైపు అతనికి ఏమీ తెలియలేదు. దూదికి బదులు సూది మొనను ఆనించినా తెలియలేదు. ఏ చప్పుడూ అందక అతడు రెండు చోట్ల ఊహించి చెప్పాడు, రెండూ తప్పాయి. ఆ తరువాత పెదవులు మూసుకొని ఊరకున్నాడు. ప్రసూన ఊదా రంగు మందు కలంతో, స్పర్శ ఆగిపోయిన చోటల్లా ఒక చుక్క పెట్టింది. చుక్కలన్నీ కలిసేసరికి పెదవి నడుమ నుంచి గడ్డం దిగువ దాకా తిన్నని గీత ఏర్పడింది. ఆమె అద్దాన్ని అతని చేతికిచ్చింది.

"అక్కలకర్ర నమిలితే నాలుక తిమ్మిరెక్కాలి. నోట్లో నీళ్ళూరాలి. రెండు పెదవులూ మొద్దుబారాలి. నువ్వు వచ్చేసరికి నీ నోరు ఎండిపోయి ఉంది. ఈ గీత చూడు. అక్కలకర్రకు గడ్డం నట్టనడుమ ఎక్కడో తెలియదు కుళ్ళాయప్పా. నరానికి మాత్రమే తెలుసు."

కుళ్ళాయప్ప అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. చివరికి తిప్పమ్మే నోరు విప్పింది.

"యాడి అక్కలకర్ర తల్లీ. నిన్న ఫోను చేసినాక ఆయమ్మ అడుగుతాదేమో అని బస్టాండు కాడ మందుల శెట్టి అంగట్లో కొన్నాడు. ఇదిగో, పొట్లం ఇంకా విప్పలేదు." ఆమె రొండిన దోపుకున్న కాగితపు పొట్లం తీసి పళ్ళెం పక్కన పెట్టింది. "ఆపరేషన్ అయిన రోజు మాపటేల నుంచే ఇంతే. గంజి తాగితే సగం చొక్కా మీద పడుతాది. నాకు చెప్తే నీ నోరు మూసుకోమన్నాడు. ఆయప్ప నోరు మూతపడక నన్ను మూసుకోమంటాడు."

"నువ్వు రోంత ఉండు" అన్నాడు కుళ్ళాయప్ప.

శ్రీకాంత్ ఇప్పుడు మాట్లాడాడు. ఇంప్లాంట్ అమర్చిన తరువాత వాపు వల్ల నరం ఒత్తుకొని కొన్నాళ్ళు తిమ్మిరి ఉండడం, క్రమంగా అదే తగ్గిపోవడం గ్రంథాల్లో ఉన్నదేనని అన్నాడు. అతడు చెప్పినది అబద్ధం కాదు. మందులిచ్చి, వారం గడిచాక మళ్ళీ చూద్దామన్నాడు.

"నరాన్ని ఒత్తేంత వాపు ఎక్కడుంది?" అని అడిగింది ప్రసూన. "నాకు కనబడలేదు. మీరు చూపండి."

అతడు వంగి నోట్లోకి చూసి లేచాడు.

"ఇంకో ఫిల్ము తీద్దాం" అందామె.

తీసిన ఫిల్మును లైటు పెట్టె మీద పాత దాని పక్కన తగిలించారు. కుడివైపు ఇంప్లాంట్ అనుకున్న చోటనే ఉంది. ఎడమవైపుది గుర్తు పెట్టిన చోటికి వెనుకగా, రంధ్రానికి సమీపంగా ఉంది. కొలబద్ద పెట్టనవసరం లేకుండానే ఆ తేడా తెలుస్తోంది. ప్రసూన భర్త ముఖంలోకి చూడకుండా ఫిల్మునే చూస్తూ నిలబడింది. జవాబు చెప్పడానికి అతనికి వీలు కల్పించే మర్యాద అది.

"చిగురు విప్పేసరికి గుర్తు పెట్టిన చోట ఎముక కత్తి అంచు లాగా ఉండింది" అన్నాడు శ్రీకాంత్. "ఎప్పుడో చీము పట్టి కరిగిపోయినట్టుంది. ఫిల్ములో ఎత్తు తెలుస్తాది గానీ మందం తెలీదు కదా. వెడల్పున్న చోటికి రోంత వెనక్కి జరిపినాను."

"సి.టి. స్కాన్ తీయించి ఉంటే మందం తెలిసేది."

"దానికి బెంగళూరు పోవాల. ఆదివారానికి అందదని..." బయట గుంజలు పాతుతున్న సమ్మెట చప్పుడు వినిపిస్తోంది.

ప్రసూన కుర్చీ వైపు తిరిగింది. "డ్రిల్లు నడుస్తున్నప్పుడు నీకేమైనా అనిపించిందా కుళ్ళాయప్పా? నిజం చెప్పు. చెవులతో కాదు."

కుళ్ళాయప్ప శ్రీకాంత్ వంక చూశాడు. శ్రీకాంతే చెప్పాడు.

"మధ్యలో ఒకసారి ఎడమచెయ్యి ఎత్తినాడు. నొప్పైతే చెయ్యి ఎత్తమని నేనే చెప్పింటి. ఆపి అడిగితే ఏమీ లేదు, చీమ కుట్టిందన్నాడు."

"చీమ కాదు సార్" అన్నాడు కుళ్ళాయప్ప మెల్లగా. "కరెంటు కొట్టినట్లయింది. పెదవి కొస దాకా జుమ్మని పోయింది. మళ్ళ ఏమీ లేదు."

"ఎందుకు చెప్పలేదప్పా?"

"చెప్తే ఆపేస్తారు కదా సార్."

ఇంత పెద్ద సంగతిని దాచడానికి అంత చిన్న కారణమా అని పట్నవాసులు ఆశ్చర్యపోవచ్చు. కుళ్ళాయప్ప లెక్క వేరు. కోరపళ్ళూ వాటి పక్కవీ కలిపి కింది ముందు పళ్ళన్నీ ఊడిపోయాక అతడు కొన్నేళ్ళపాటు తీసిపెట్టే పళ్ళతో నెట్టుకొచ్చాడు. తారస్థాయికి పోయినప్పుడల్లా ఆ పళ్ళు కదిలి రీడు జారేది. ఒక్కొక్క పాటే వదులుకుంటూ వచ్చి, కడకు ఊరేగింపులో వెనుక వరుసకు చేరాడు. ముందు వరుసలో క్యాసియో కీబోర్డు పెట్టె వచ్చి నిలబడింది. ఇంప్లాంట్లు ఎముకలో నాటుకొని వాటి మీద పళ్ళు కట్టేసరికి శ్రావణమాసం పెళ్ళిళ్ళు మొదలవుతాయి. అప్పటిదాకా చోటు అట్టే పెడతానని సుబ్బన్న మాటిచ్చాడు. ఆ మాట శ్రావణం దాటి నిలిచే రకం కాదని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు ఇంప్లాంట్ తీసేస్తే ఎముక పూడాలి, మళ్ళీ నాటాలి, మళ్ళీ వేచి ఉండాలి. ఆ సంవత్సరం పోతుంది. దానితోపాటు చోటూ పోతుంది.

ప్రసూన అతనికి సంగతిని దాచకుండా వివరించింది. ఇంప్లాంట్ నరాన్ని నొక్కుతూ ఉంటే, త్వరగా తీసేసిన కొద్దీ నరం తేరుకునే అవకాశం ఎక్కువ. ఆలస్యం చేసిన కొద్దీ అది సన్నగిల్లుతుంది. ఆపరేషన్ అయి ఇది మూడో పూట కాదు, మూడో రోజు. ఇప్పటికే ఎక్కువ జరిగిపోయింది. డ్రిల్లే నరాన్ని తెగ్గోసి ఉంటే తీసినా ప్రయోజనం ఉండకపోవచ్చు. ఆ రెండింటిలో ఏది జరిగిందో పైనుంచి చూసి చెప్పగల వైద్యుడు లేడు.

"అంటే తీసినా రాకపోవచ్చు" అన్నాడు కుళ్ళాయప్ప.

"రాకపోవచ్చు."

"అట్లయితే ఉండనీలేమ్మా. పళ్ళన్నా దక్కుతాయి. పెదవి కదులుతాంది కదా. ఊదేకి కదిలితే చాలు."

"చాలునా?"

అతడు చెయ్యి చాచి రెక్సిను పెట్టెను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఊదకూడదు కుళ్ళాయప్పా. కుట్లు ఉన్నాయి."

"ఊదనమ్మా."

పెట్టెలో క్లారినెట్ ముక్కలు ముక్కలుగా విప్పి ఉంది. అతడు నోటి దగ్గర పెట్టుకునే ముక్కను మాత్రం తీసి, రీడును చొక్కా అంచుతో తుడిచాడు. కళ్ళు మూసుకున్నాడు. రీడు అంచును కింది పెదవి కుడి మూలన తేలికగా ఆనించి, నెమ్మదిగా ఎడమవైపుకు జరపసాగాడు. పెదవి నడుమకు వచ్చేదాకా చెయ్యి సమంగా కదిలింది. అక్కడ ఆగింది. కొంచెం వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు పోయింది. అతడు కళ్ళు తెరిచి, రీడు తన పెదవి మీదనే ఉందా లేక కింద పడిపోయిందా అన్నట్టు చేతిలోకి చూసుకున్నాడు.

"ఈడికి వచ్చినాక రీడు లేకుండా పోయిందమ్మా" అన్నాడు.

ఆ మాటలో ఫిర్యాదు లేదు. మేళంలో తోటివాడు శ్రుతి తప్పినప్పుడు చెప్పే మాటలా ఉంది. ముక్కను పెట్టెలో ఉంచి మూత వేశాడు.

"తీసేయండి సార్. పళ్ళు లేకపోతే కట్టించుకోవచ్చు."

శ్రీకాంత్ చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ప్రసూన అతని పక్కనే నిలబడి గ్లవ్స్ అందించింది.

"నేను తీయనా?" అంది లోగొంతుకతో.

"వద్దు. పెట్టినవాణ్ణి నేను. నాయనకు కూడా నేనే చెప్పుకుంటాను."

"ఆదివారం?"

"ఆదివారం గది ఉంటుంది. గదిని చూపిస్తాం."

నరానికి మత్తు సూది వేయకుండా, ఇంప్లాంట్ చుట్టూ ఉన్న చిగురుకు మాత్రమే మందు ఇవ్వాలని ఇద్దరూ నిర్ణయించారు. దెబ్బతిన్న నరం దగ్గరకు మరొక సూదిని పంపడం యుక్తం కాదు. అదీగాక ఆ మత్తు సాయంత్రం పరీక్షను చెరుపుతుంది. శ్రీకాంత్ కుట్లు విప్పాడు. చిగురును పక్కకు తొలగించి, ఇంప్లాంట్ నెత్తిన ఉన్న చిన్న మూతను తీసి, దానిలో మర తిప్పే సాధనాన్ని అమర్చాడు. ముదిగుబ్బ ఫ్లోరైడు బోరునీళ్ళ మీద పెరిగిన దవడ అది. ఎముక రాతిలా పట్టి ఉంది. మొదటి తిప్పుకు అది కదలలేదు. శ్రీకాంత్ చేతిని విసురుగా వాడకుండా, పట్టును కొద్దికొద్దిగా హెచ్చిస్తూ పోయాడు. ఆ పనిలో అతని చెయ్యి ఏమాత్రం వణకలేదని ప్రసూన గమనించింది. బుధవారం నాడు కూడా ఆ చెయ్యి ఇంతే నిలకడగా ఉండి ఉంటుంది. తప్పు చేతిలో లేదు.

కాసేపటికి పట్టు సడలింది. ఇంప్లాంట్ ఎడమకు తిరుగుతూ, ఎక్కినంత మెల్లగా దిగి వచ్చి, పళ్ళెంలో పడి చిన్న చప్పుడు చేసింది. ఆ చప్పుడు విని కుళ్ళాయప్ప కనుబొమలు కదిలాయి. గుంటలో కొద్దిగా రక్తం ఊరింది. సెలైన్ నీటితో మృదువుగా కడిగి ఇద్దరూ వంగి చూశారు. చూడగలిగినదేమీ లేదు. ఎముక గోడలు, ఎర్రని తడి. అడుగున ఏముందో తెలుసుకోవడానికి అందులోకి ఏ సాధనాన్నీ దింపరాదు. శ్రీకాంత్ మళ్ళీ కుట్లు వేసి, నరం వాపు తగ్గడానికి మందు ఇప్పించాడు. తరువాత బయటికి వెళ్ళి, షామియానా నీడలో నిలబడి తండ్రితో మాట్లాడాడు. మాటలు లోపలికి వినిపించలేదు. "మనిషి లేకుండా ఏం చూపిస్తావురా?" అన్న బయ్యన్న గొంతు మాత్రం ఒకసారి పైకి లేచి, అంతలోనే అణగింది.

ఆ పగలంతా కుళ్ళాయప్ప దంపతులు క్లినిక్కులోనే ఉన్నారు. తిప్పమ్మ గంజి చల్లార్చి చెంచాతో కుడివైపు నుంచి పోసింది.

"శ్రావణానికి సుబ్బన్న పిలవకపోతే ఏం చేస్తావు?" అని అడిగింది.

"నీ పక్కన గోడ కాడికి జరుగుతా" అన్నాడు కుళ్ళాయప్ప.

"అంత అదృష్టం నాకెందుకులే. పెట్టె ఉండాది కదా."

ఎండ వాలి కిటికీ ఊచల నీడ నేల మీద పొడవుగా సాగిన వేళకు చిగురు మందు ప్రభావం పూర్తిగా దిగిపోయింది. కుట్ల దగ్గర సలుపు మొదలైందని కుళ్ళాయప్ప స్వయంగా చెప్పాడు. ప్రసూన వచ్చి పక్కన కూర్చుంది. శ్రీకాంత్ కుర్చీ వెనుక నిలబడ్డాడు. ఒకే పూటలో నరం తేరుకోవాలన్న నియమం లేదనీ, నెలలు పట్టవచ్చుననీ, ఈ సాయంత్రం ఏమీ తెలియకపోతే దాన్నే అంతిమమని అనుకోవద్దనీ ఆమె ముందే చెప్పింది. కుళ్ళాయప్ప తలూపాడు. ఆమె కొత్త దూదిని వత్తిగా పేని చెయ్యి చాచింది.

"ఉండమ్మా" అన్నాడతడు. "ముందు ఆ గాజులకు గుడ్డ చుట్టుకో."

ప్రసూన చెయ్యి ఆగింది. మధ్యాహ్నం భోజనానికి ముందు విప్పేసిన గుడ్డ బల్ల మీదనే ఉంది. తిప్పమ్మ లేచి దాన్ని ఆమె మణికట్టుకు తానే చుట్టి ముడి వేసింది. శ్రీకాంత్ గుమ్మం దాకా వెళ్ళి, బయట సమ్మెట పనిని కాసేపు ఆపమని చెప్పి వచ్చాడు.

కుళ్ళాయప్ప కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులూ రెక్సిను పెట్టె మీద ఉన్నాయి. వేళ్ళు, వాటికి తెలియకుండానే, పెట్టె మూత మీద ఏదో పాట మెట్లను నొక్కుతున్నాయి.

దూది కుడి పెదవి మీద ఆనింది.

"తగిలింది."

గడ్డం మీద, కుడివైపు.

"తగిలింది."

వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. పెదవి నడుమ, ఊదా చుక్కల గీతకు ఇవతలగా.

"తగిలిందమ్మా."

దూది గీతను దాటింది. కుళ్ళాయప్ప ఏమీ అనలేదు. ఇంకొంచెం పక్కకు జరిగింది. ఏమీ అనలేదు. ఎడమ మూలకు దిగువగా, గడ్డం ఒంపు మొదలయ్యే చోట, ప్రసూన దూది కొనను ఆనీ ఆననట్టు నిలిపింది.

పెట్టె మీద వేళ్ళు ఆగిపోయాయి.

"ఆగమ్మా" అన్నాడు కుళ్ళాయప్ప కళ్ళు తెరవకుండానే. "ఆడనే ఉండు. కదపొద్దు."

ప్రసూన చేతి నుంచి ఈసారి ఏ చప్పుడూ రాలేదు.